బెర్లిన్ వీధులలో ఒక శునకంతో

ఢిల్లీ వీధికుక్కలన్నింటినీ పట్టి ఆశ్రయాలకు తరలించవలసిందని 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆదేశించినప్పుడు రాజధాని రెండు వర్గాలుగా చీలిపోయింది. పదకొండు రోజులకే ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఆదేశాన్ని సవరించి, పిచ్చి సోకినవీ, కరిచే స్వభావం గలవీ మినహా, శస్త్రచికిత్స, టీకా పూర్తయిన వాటిని ఎక్కడివక్కడే వదలమన్నది. ఈ వాదోపవాదాలలో ఐరోపా పేరు పదేపదే వినవచ్చింది. బెర్లిన్‌లో ఒక మిత్రుని కుక్కను వెంటబెట్టుకొని రోజంతా కాలినడకన తిరిగినవాడను గనుక, ఆ నగరం సంగతి కొంత చెప్పగలను.

ఆ కుక్కకు ఏడాదికి 120 యూరోల పన్ను ఉన్నది. చర్మం కింద గుర్తింపు చిప్పు, నగర రిజిస్టరులో నమోదు, ఎవరికైనా హాని చేస్తే పరిహారమిచ్చే బీమా చట్టరీత్యా తప్పనిసరి. 2019 నుంచి వీధులలో సాధారణంగా మెడకు తాడు ఉండవలసిందే. భూగర్భ రైలు ఎక్కేటప్పుడు మిత్రుడు దాని మూతికి చిక్కం తగిలించి, తగ్గింపు ధర టికెట్టు కొన్నాడు. ఎవరూ మా వంక వింతగా చూడలేదు.

మేము బెర్నావర్ వీధిలో దిగాము. 1961 ఆగస్టులో ఇక్కడ ఇళ్ళు తూర్పు బెర్లిన్‌వి, వాటి ముందున్న కాలిబాట పశ్చిమ బెర్లిన్‌ది. జనం కిటికీలలోనుంచి దూకి దేశం మారారు. నేడు గోడ పోయిన చోట తుప్పుపట్టిన ఇనుప కమ్మీలు వరుసగా నిలిచి ఉన్నవి. కుక్క వాటిని వాసన చూసి, తూర్పునుంచి పశ్చిమానికి దాటిపోయింది. ఒకప్పుడు ఆ సరిహద్దు పట్టీలో దాని జాతివే కాపలా కాసేవి. పొడుగాటి తీగకు కట్టిన గొలుసుతో ఇటునుంచి అటు పరుగెత్తడమే వాటి ఉద్యోగం. 1989 నవంబరు 9న గోడ తెరుచుకున్నాక ఆ ఉద్యోగం పోయింది. వాటిలో అనేకం జంతు సంరక్షణ సంఘాల చొరవతో ఇళ్ళకు చేరాయి.

సాయంత్రం షోనెబర్గ్‌లోని బవేరియన్ పేట చేరాము. వీధి దీపస్తంభాలకు 1993లో అమర్చిన 80 ఫలకాలలో ఒకటి, యూదులు పెంపుడు జంతువులను ఉంచుకొనరాదని నాజీలు 1942లో చేసిన శాసనాన్ని తెలుపుతుంది. మనుషులను మరణశిబిరాలకు పంపుతున్న ప్రభుత్వమే వారి కుక్కలు, పిల్లుల విషయంలోనూ ఉత్తర్వులు జారీ చేసింది! నా మిత్రుడు ఆ ఫలకం కింద తాడును కాస్త దగ్గరకు లాక్కున్నాడు. ఏమీ అనలేదు.

రిజిస్టరు, చట్టం, క్రమశిక్షణ వాటంతటవే సద్గుణాలు కావని ఆ నగరం ఎరుగును. అయినా నేటి బెర్లిన్ నుంచి ఢిల్లీ నేర్వవలసినది ఒకటున్నది. అక్కడ ప్రతి కుక్క వెనుక బాధ్యత వహించే ఒక మనిషి పేరున్నది. ఇక్కడ రొట్టె వేసేవారు పదిమంది ఉన్నారు. కరిస్తే జవాబు చెప్పేవారు లేరు. 2024లో దేశంలో కుక్కకాట్లు 37 లక్షలు దాటినవని ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపింది. ఆ కాట్లలో అధికభాగం కారు దిగని వారివి కావు. తెల్లవారుజామున పాలప్యాకెట్లు వేసే కుర్రవానివి, బడికి నడిచివెళ్ళే పిల్లలవి. శస్త్రచికిత్సతో సంతతిని అదుపు చేయాలన్న నిబంధనలు 2001 నుంచీ ఉన్నవి. ఆ పని చేయవలసిన మునిసిపాలిటీలను నిలదీయకుండా, కుక్కలు ఉండాలా పోవాలా అని తగవులాడుకొనడం వల్ల ఆ పిల్లలకు గాని, ఆ మూగజీవాలకు గాని ఒరిగేదేమీ లేదు.