బొగ్గును మోసి బొగ్గును తిన్న పడవ

అరిజోనా ఎడారిలో కొలరాడో నదీతీరాన లీస్ ఫెర్రీ అనే రేవు ఉన్నది. 1910 ప్రాంతంలో చార్లెస్ స్పెన్సర్ అనే సాహసి అక్కడి మట్టిరాతి నుండి బంగారం తీయ సంకల్పించి యంత్రాలను నెలకొల్పాడు. వాటి బాయిలర్లకు కావలసిన బొగ్గు దొరికేది ఎగువన, వార్మ్ క్రీక్ ప్రాంతంలో. నదిమీదుగా దూరం సుమారు 28 మైళ్ళు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో సిద్ధమైన ఆవిరి పడవ భాగాలను యూటా వరకు రైలులో తెచ్చి, అటుపై ఎద్దుల బండ్లమీద ఎడారి దాటించి, నది ఒడ్డుననే బిగించారు. పొడవు 92 అడుగులు. వెనుక తెడ్ల చక్రం. ఆ శ్రమను మెచ్చుకొనక తప్పదు. తప్పినది లెక్క ఒక్కటే.

దిగువకు ప్రవాహమే తోడ్పడుతుంది. ఎదురీతలో పడవ వేగంలో చాలా భాగాన్ని ప్రవాహమే హరిస్తుంది. నీటిపై ఎంత వేగంగా సాగినా, గట్టును బట్టి చూస్తే పడవ కదిలేది కొద్దిగానే. ప్రయాణం ఎంత సాగితే కొలిమి అంతసేపు మండాలి! అందుచేత తెచ్చిన బొగ్గు దాదాపు అంతయు తిరుగు ప్రయాణానికే సరిపోయేది. పిదప బొగ్గును వేరొక బల్లకట్టుపై నింపి, పడవతో లాగించి చూచారు.

ఇంతకూ బంగారం చిక్కలేదు. దానిని పట్టవలసిన పాదరసాన్ని ఆ మట్టే చెడగొట్టినది. 1912లో కొద్దిమార్లు మాత్రమే తిరిగిన పడవ, రేవులో కట్టివేసిన చోటనే 1921లో మునిగిపోయినది. నీరు తగ్గినపుడు దాని శిథిలాలు నేటికీ కనిపిస్తాయి.