నోబెల్ వచ్చింది సరే, నిప్పుకు ఆగుతుందా?

ఎడిటర్ గారు చెప్పింది ఒక్క ముక్క: "నోబెల్ వచ్చిన ఆ స్పంజి మీద కవర్ స్టోరీ. శుక్రవారానికి పేజీలు వెళ్లిపోవాలి." 2025 అక్టోబరు 8న స్టాక్‌హోమ్‌లో రసాయన శాస్త్ర బహుమతి ప్రకటించిన దగ్గర్నుంచీ అందరూ రాస్తున్నదీ ఆ స్పంజి గురించే. ఎడారి గాల్లోంచి నీళ్లు తీస్తుందట, పొగలోంచి కార్బన్ డయాక్సైడ్ పీల్చేస్తుందట, ఇక భూగోళానికి దిగుల్లేదట. ఒక్క పొడికి ఇన్ని వరాలు కట్టబెడితే నాకు నమ్మబుద్ధి కాదు. అసలు మొదట్లో ఏం రాసుకున్నారో చూద్దామని పాత కాగితాలు తీశాను.

మొదటిది మూడంటే మూడు పేజీలు. 1989లో అమెరికన్ కెమికల్ సొసైటీ జర్నల్‌లో అచ్చయింది. రాసింది మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న బెర్నార్డ్ హాస్కిన్స్, రిచర్డ్ రాబ్సన్.

కథ అంతకుముందే, 1974లో మొదలైంది. విద్యార్థులకు పాఠం చెప్పడానికి రాబ్సన్‌కు అణువుల నమూనాలు కావాల్సి వచ్చాయి. పరమాణువుకో చెక్కబంతి, బంధానికో పుల్ల. బంతులకు బెజ్జాలు వేసిపెట్టేది యూనివర్సిటీ వర్క్‌షాపు. ఎక్కడ పడితే అక్కడ వేస్తే కుదరదు. కార్బన్ అయితే నాలుగు, అవీ సరైన కోణాల్లో ఉండాలి. ఆ గుర్తులు రాబ్సనే పెట్టివ్వాలి. బంతులు తయారై వచ్చాక పుల్లలు గుచ్చి చూస్తుంటే ఆయనకు ఓ సంగతి తట్టింది. నమూనా ఏ ఆకారంలోకి వస్తుందో బెజ్జాలు వేసినప్పుడే తేలిపోయింది! గుచ్చేవాడికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. మరి బంతుల బదులు నిజం అయాన్లు, పుల్లల బదులు నిజం అణువులు పెడితే? ఎటు చెయ్యి చాచాలో వాటికి పుట్టుకతోనే తెలుసు కదా.

ఆ ఆలోచన పదేళ్లకు పైగా నానింది. ఏటేటా ప్రోగ్రెస్ రిపోర్టు అడిగే ఈ కాలంలో అయితే అది అటకెక్కేదే.

చివరికి ఆయన వజ్రాన్ని ఒరవడిగా తీసుకున్నారు. వజ్రంలో ప్రతి కార్బనూ మరో నాలుగింటితో ముడిపడి ఉంటుంది. రాబ్సన్ ఒక ముడి వదిలి ఒక ముడిలో రాగి అయాన్‌ను పెట్టారు. దానికీ నాలుగు బంధాలంటేనే ఇష్టం. మిగతా ముడుల్లో నాలుగు చేతులున్న పెద్ద సేంద్రియ అణువు. ప్రతి చేతి కొసనా రాగికి ఇట్టే అతుక్కునే నైట్రైల్ సమూహం. ఇలాంటివి కలిపితే గజిబిజి ముద్ద తయారవుతుందని అప్పట్లో చాలామంది లెక్క. వచ్చిందేమో వరస తప్పని స్ఫటికం. వజ్రం కిక్కిరిసి ఉంటుంది, ఇది లోపలంతా బోలు. ఆ బోలులో నైట్రోబెంజీన్, కొన్ని రుణ అయాన్లు ఉన్నాయి.

మరుసటి ఏడాది ఇంకో పెద్ద వ్యాసం వచ్చింది. పేరులోనే "పరంజాలాంటి పదార్థాలు" అన్నారు. స్ఫటికాన్ని వేరే ద్రావణంలో ముంచితే లోపలి అయాన్లు బయటికొచ్చి బయటివి లోపలికెళ్లాయి, చట్రం మాత్రం నిలిచింది. ఆ వ్యాసంలో ముందు ముందు ఏమేం సాధ్యమో రాసిన భాగం ఉంది. ఇవి తేలిగ్గా ఉంటాయి. అణువులు లోపల అడ్డూ ఆపూ లేకుండా తిరుగుతాయి. పుల్లలకు తగిన సమూహాలు తగిలిస్తే ఉత్ప్రేరకాలుగా పనికొస్తాయి. చేతిలో ఉన్నది కాస్త కదిలిస్తే రాలిపోయే సరుకు, రాసింది ఇంత ధీమాగా! రాబ్సన్ మీద నాకు ఇష్టం కలిగింది ఇక్కడే. నీళ్లు పీల్చే స్పంజి ఒక్కటే కాదు, లోపల రసాయన చర్య నడిచే గది కూడా ఆయన లెక్కలో ఉంది.

చరిత్ర గబగబా చెప్పేస్తాను. ఇలాగే లోపల రంధ్రాలున్న జియోలైట్ ఖనిజాన్ని స్వీడన్‌కు చెందిన క్రాన్‌స్టెట్ 1756లో వర్ణించారు. 1960ల్లో కృత్రిమ జియోలైట్లు ఉత్ప్రేరకాలుగా చమురు శుద్ధి కర్మాగారాల్లోకి వచ్చాయి, 1972లో మొబిల్ కంపెనీ జెడ్‌ఎస్‌ఎం-5 అనే జియోలైట్‌కు పేటెంటు తీసుకుంది. రాబ్సన్ తర్వాత, ఆయనతో నోబెల్ పంచుకున్న సుసుము కితగావా 1997లో, ఒమర్ యాఘీ 1999లో రాలిపోయే చట్రాలను నిలబెట్టారు. అందరూ స్పంజి అంటున్న వీటిని లోహ-సేంద్రియ చట్రాలు, పొట్టిగా మాఫ్‌లు అంటారు.

మరి రాబ్సన్ ఊహించిన ఆ గదిలో పని మొదలైందా? 1994లో జపాన్‌లో మకోటో ఫుజితా బృందం కాడ్మియం వలతో ఆల్డిహైడ్లకు సయనైడ్ సమూహం చేర్చే చర్య నడిపించింది. ఆ తర్వాత వేలాది వ్యాసాలు వచ్చాయి. ఫ్యాక్టరీల్లో చూస్తే మాత్రం ఇప్పటికీ జియోలైట్‌దే రాజ్యం.

కారణం విశాఖలో కనిపిస్తుంది. హెచ్‌పీసీఎల్ రిఫైనరీ ఎఫ్‌సీసీ యూనిట్‌లాంటి చోట జియోలైట్ పొడి చిక్కటి నూనెను కొన్ని సెకన్లలో విరగ్గొట్టి పెట్రోలు, గ్యాసు తీస్తుంది. అంతలోనే దానికి మసి పడుతుంది. పక్కనున్న గదిలోకి ఊది, 700 డిగ్రీల దాపుల్లో ఆ మసిని కాల్చేస్తారు. పొడి శుభ్రపడి మళ్లీ పనిలోకి వస్తుంది. పగలూ రాత్రీ ఇదే తిరుగుడు. మాఫ్‌ను అక్కడ పెడితే మసితో పాటు అదీ కాలిపోతుంది, దాని పుల్లలు సేంద్రియం కాబట్టి. యాఘీ ప్రసిద్ధ మాఫ్-5 అయితే గాల్లో తేమకే చెడిపోతుంది. 2008లో ఓస్లోలో పుట్టిన జిర్కోనియం చట్రం యూఐఓ-66 చాలా మొండిది, అయినా ఆ మంటకు ఆగదు.

మాఫ్‌కు చోటున్నది వేరే దగ్గర. జెడ్‌ఎస్‌ఎం-5 రంధ్రం అర నానోమీటరు చిల్లర. మందుల తయారీలో వాడే లావుపాటి అణువులు అందులో దూరవు. కిలో మందుకు ఎన్ని కిలోల వ్యర్థం వస్తోందని రసాయన శాస్త్రవేత్త రోజర్ షెల్డన్ 1992లో లెక్కగట్టారు: 25 నుంచి 100, ఒక్కోసారి ఆపైన. ఇంధనాల తయారీలో ఇది కిలోకు కూడా చేరదు. హైదరాబాద్ చుట్టూ బల్క్ డ్రగ్ యూనిట్ల మధ్య బతికేవాళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు. గోరువెచ్చటి ద్రావణంలో పనిచేసి, వడకట్టి మళ్లీ వాడుకోగల ఉత్ప్రేరకం దొరికితే ఆ గుట్టలో కొంతైనా తరుగుతుంది.

"నాలుగైదుసార్లు తిరిగి వాడాం, పని తగ్గలేదు" అని వ్యాసాల్లో తరచూ కనిపిస్తుంది. రిఫైనరీలో పగలూ రాత్రీ తిరిగే పొడిని చూశాక ఆ మాట నాకు ఆనదు. దానికంటే వేడి వడపోత పరీక్ష ఫలితం చూపించమంటాను. చర్య సగంలో ఉండగా, చల్లారనివ్వకుండా, ఘన ఉత్ప్రేరకాన్ని వడగట్టేస్తారు. మిగిలిన ద్రవంలో చర్య ఆగిపోతే ఘనపదార్థమే పని చేసినట్టు. ఆగకుండా సాగిందంటే చట్రంలోంచి లోహం ద్రవంలోకి కారిపోయి, పనంతా అదే చేస్తోందన్నమాట. అప్పుడు మందులోనూ ఆ లోహం తేలుతుంది. 1998లో షెల్డన్ బృందం రాసిన సమీక్ష శీర్షికలోనే, ఇలాంటి ఘన ఉత్ప్రేరకాలు పరుసవేదులా, ట్రోజన్ గుర్రాలా అని అడిగింది. మాఫ్‌లనూ అదే అడగాలి, ఒక్కో లోహానికీ, ఒక్కో ద్రావణికీ విడివిడిగా.

నోబెల్ పంచుకున్న మిగతా ఇద్దరు
ఒమర్ యాఘీ 1965లో అమ్మాన్‌లో పాలస్తీనా శరణార్థి కుటుంబంలో పుట్టారు. ఇంట్లో కరెంటు లేదు, కుళాయి లేదు. పదేళ్లప్పుడు బడి లైబ్రరీలోకి దూరి తీసిన పుస్తకంలో అణువుల బొమ్మలు చూశారు. క్యోటోలోని సుసుము కితగావాకు చైనా తాత్త్వికుడు చువాంగ్ త్జు మాట ఆదర్శం: పనికిరానిదనుకున్నదానికీ పని ఉంటుంది. నిధులిచ్చేవాళ్లు మొదట్లో ఆయన పదార్థాలను పనికిరానివాటి కిందే జమకట్టారు.

ఫ్యాక్టరీకి చేరినది
కెనడాలోని కాల్గరీలో జార్జ్ షిమిజు బృందం చేసిన కాల్ఫ్-20 అనే మాఫ్ పొగగొట్టాల నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను పడుతుంది, ఆవిరికి చెడదు. బీఏఎస్ఎఫ్ దాన్ని వందల టన్నుల్లో తయారుచేస్తోంది. అయితే ఇది ఉత్ప్రేరకం కాదు, పట్టి వదిలేదే. ముడిసరుకులు జింకు, ఆక్సాలిక్ ఆమ్లం, ట్రయజోల్.