కాలువ గట్ల వెంట పరుగు: అల్పుహార్రా కొండబాటలు

స్పెయిన్ దక్షిణాన, గ్రనాడా నగరాన్ని ఆనుకుని సియెర్రా నెవాడా పర్వతశ్రేణి ఉంది. దాని దక్షిణపు వాలును అల్పుహార్రా అంటారు. పైన ములాసేన్ శిఖరం ఎత్తు 3,479 మీటర్లు. స్పెయిన్ ప్రధాన భూభాగంలో అంతకు మించిన శిఖరం లేదు. అక్కడి నుంచి మధ్యధరా సముద్రం నలభై కిలోమీటర్ల లోపే. కొద్ది దూరంలోనే అంత ఎత్తు దిగవలసి రావడంతో ఏరులు కొండను లోతుగా కోసేశాయి. ఆ లోయల అంచుల్లో సున్నం కొట్టిన తెల్లటి ఊళ్లు మెట్టు మీద మెట్టుగా కనిపిస్తాయి. ఊరికీ ఊరికీ మధ్య, పొలానికీ కొండకూ మధ్య అల్లుకున్న పాత కాలిబాటల మీద ఇప్పుడు ట్రెయిల్ రన్నర్లు పరుగెత్తుతున్నారు. తారు రోడ్డు వదిలి మట్టిలో, రాళ్లలో, ఎగుడుదిగుళ్లలో సాగే పరుగే ట్రెయిల్ రన్నింగ్.

ఈ బాటలన్నీ సేద్యం చేసుకున్నవాళ్లు వేసినవి. మధ్యయుగంలో ఇక్కడ అరబ్బుల, బెర్బెర్ల సంతతి ముస్లిం రైతులు ఉండేవారు. 1492లో గ్రనాడా రాజ్యం పడిపోయింది. 1568 నుంచి 1571 వరకు సాగిన తిరుగుబాటు అణగిపోయాక ఆ రైతుల వారసులను ఇక్కడి నుంచి వెళ్లగొట్టి, ఉత్తరాది నుంచి కొత్తవారిని తెచ్చి నిలిపారు. మనుషులు మారినా కాలువలు, మడులు, ఇళ్ల తీరు నిలిచాయి. ఇక్కడి ఇళ్ల కప్పులు బల్లపరుపుగా ఉంటాయి. చెస్ట్‌నట్ దూలాలు పరచి, వాటిపై పలకరాళ్లు పేర్చి, ఆ మీద లౌనా అనే బూడిదరంగు బంకమట్టి పోస్తారు. అది నీటిని కిందికి దిగనివ్వదు. రాయలసీమ మట్టి మిద్దెలు చూసినవారికి ఈ కప్పు కొత్తగా అనిపించదు.

బాటలు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది కంచరగాడిదలు బరువుతో నడిచిన దారి. ఏటవాలు మరీ ఎక్కువైన చోట దీన్ని మెలికలు తిప్పి, రాళ్లు పరచి, అంచున గోడ కట్టారు. మెలికల దారిని స్థానికులు ఎస్కరివేలా అంటారు. రెండోది పశువుల దారి. మందలు ఋతువును బట్టి పల్లం నుంచి కొండకు, కొండ నుంచి పల్లానికి మారే ఈ తోవలు ప్రజల ఆస్తి అని 1995 నాటి స్పెయిన్ చట్టం చెబుతోంది. మూడోది కాలువ గట్టు. అల్పుహార్రా ప్రత్యేకతంతా ఇందులోనే ఉంది.

కాలువను ఇక్కడ అసేకియా అంటారు. అరబ్బీ మాట నుంచి వచ్చిన పేరు. ఎక్కడో ఎగువన ఏటి నుంచి నీటిని మళ్లించి, కొండ పక్క మీదుగా చాలా స్వల్పమైన వాలుతో కిలోమీటర్ల కొద్దీ నడిపిస్తారు. వాలు పెరిగితే నీరు గట్టును కోసేస్తుంది, తగ్గితే నిలిచిపోతుంది. అందుకే కాలువ పక్కన కాలువ కాపరి తిరిగే సన్నని దారి కూడా ఇంచుమించు సమతలంగా ఉంటుంది. నిట్టనిలువు కొండ మీద గుండె అదరకుండా కిలోమీటర్లు పరుగెత్తగలిగే చోటు అదొక్కటే. ఒక పక్క చల్లని నీరు, మరో పక్క లోయ. గట్టు నుంచి ఊరే చెమ్మకు చెస్ట్‌నట్, పాప్లర్ చెట్లు పెరిగి ఎండాకాలంలో నీడనిస్తాయి.

కొన్ని కాలువలు పొలానికే వెళ్లవు. కరేయో అనే పద్ధతిలో, వసంతంలో కరిగిన మంచునీటిని కొండపైనే రాళ్ల సందుల్లోకి, ఇసుక నేలలోకి వదిలేస్తారు. ఆ నీరు నేలలోపల మెల్లగా నడిచి, వారాలకో నెలలకో, వాన లేని వేసవిలో దిగువ ఊటలుగా పైకి వస్తుంది. కొండనే చెరువుగా వాడుకున్న ఈ రైతుల తెలివికి చేతులెత్తి మొక్కాలి. ఎండలో పరుగెత్తే మనిషి ఊరి కొళాయి దగ్గర పట్టుకునే నీటిలో ఆ పాత నీటిపారుదల వాటా ఉంటుంది.

ఈ ప్రాంతంలో ఎక్కువమంది ఎంచుకునేది పోకెయిరా లోయ. దాని తూర్పు అంచున సుమారు 1,050 మీటర్ల ఎత్తులో పంపనెయిరా, 1,300 దగ్గర బుబియోన్, 1,430 దగ్గర కపిలెయిరా ఉన్నాయి. మూడు ఊళ్లనూ కలిపే కాలిబాట పొట్టిదే కానీ ఎక్కుడు గట్టిది. కపిలెయిరా నుంచి లోయ లోపలికి వెళితే, జలవిద్యుత్ కేంద్రం పనివారి కోసం కట్టి తరువాత ఖాళీ అయిన లా సెబదియా అనే పల్లె వస్తుంది. ఏరు దాటి అవతలి గట్టున తిరిగి రావచ్చు. దారి పక్కన రాళ్లు పరిచిన గుండ్రటి కళ్లాలు కనిపిస్తాయి. ధాన్యం తూర్పారబట్టేందుకు గాలి తగిలే చోట కట్టినవి కాబట్టి లోయంతా కనబడేది కూడా అక్కడి నుంచే. సత్తువ ఉన్నవారు లా సెబదియా నుంచి ఇంకా పైకి, 2,500 మీటర్ల ఎత్తున ఉన్న పోకెయిరా కొండవిడిదికి ఎక్కుతారు.

తూర్పున లా తాహా పల్లెల మధ్య దారులు కొంచెం మెత్తన. ఫెర్రెయిరోలా, ఫొందాలెస్, బుస్కిస్తార్ ఊళ్ల చుట్టూ ఇనుము కలిసిన ఊటలు పారి రాళ్లను ఎర్రగా మార్చాయి. కొండపరుగు కొత్తగా మొదలుపెట్టేవారికి ఇవే తగినవి. త్రెవేలెస్ సంగతి వేరు. స్పెయిన్‌లోని అత్యంత ఎత్తైన గ్రామాల్లో ఒకటైన ఈ ఊరు 1,476 మీటర్ల దగ్గర ఉంది. పొడి చలిగాలికి పంది తొడలను ఆరబెట్టి నిల్వచేయడంలో దానికి పేరు. అక్కడి నుంచి ఏడు సరస్సుల గిన్నెలాంటి లోయకు చేరాలంటే దాదాపు 1,400 మీటర్లు ఎక్కాలి.

దూరాన్ని బట్టి శ్రమను అంచనా వేయడం ఇక్కడ కుదరదు. కొండపరుగు వాళ్లు ప్రతి 100 మీటర్ల ఎక్కుడుకు ఒక కిలోమీటరు చొప్పున దూరానికి కలుపుకుంటారు. త్రెవేలెస్ నుంచి సరస్సుల దాకా పది కిలోమీటర్లే అనుకున్నా, లెక్కలో అది ఇరవై నాలుగు అవుతుంది. అందుకే నిటారు చోట్ల ఆరితేరినవారు కూడా మోకాళ్ల మీద చేతులు పెట్టి నడుస్తారు. అందులో చిన్నతనం ఏమీ లేదు. ములాసేన్ దరిదాపుల్లో ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే సుమారు మూడో వంతు తక్కువ. అయినా కాళ్లను ఎక్కువ దెబ్బతీసేది దిగుడే. ఒంటి బరువును ఆపుతూ దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బిగుసుకోవాలి. దాని నొప్పి మర్నాడు, ఆ మర్నాడు తెలుస్తుంది. ఇక్కడి రాయి ఎక్కువగా పొరలుపొరలుగా విడిపోయే శిస్టు. తడిస్తే జారుతుంది, ఎండితే కాలి కింద పెళ్లలుగా కదులుతుంది. అడుగున లోతైన గాట్లున్న బూట్లు తప్పనిసరి.

ఏప్రిల్ నుంచి జూన్, సెప్టెంబర్ నుంచి అక్టోబర్ మంచి కాలం. నడివేసవిలో దిగువ లోయలు కాలిపోతాయి కాబట్టి తెల్లవారకముందే బయలుదేరాలి. చలికాలంలో 2,000 మీటర్లకు పైన మంచు గడ్డకడుతుంది. మంచు గొడ్డలి, బూట్లకు ఇనుప ముళ్లు లేకుండా అక్కడికి పోవడం ప్రాణాలతో చెలగాటమే. అత్యవసరానికి 112 నంబరు ఉంది గానీ లోయ అడుగున ఫోన్ సిగ్నల్ అందకపోవచ్చు.

దారి గుర్తులు రాళ్ల మీద, స్తంభాల మీద రంగు గీతలుగా ఉంటాయి. తెలుపు–ఎరుపు గీతలు దూరపు దారికి, తెలుపు–పసుపు మధ్యరకానికి, తెలుపు–ఆకుపచ్చ చిన్నదానికి. రెండు గీతలు ఒకదానిపై ఒకటి అడ్డంగా గీసిన గుర్తు కనిపిస్తే దారి తప్పినట్టు. దూరపు దారుల్లో జీఆర్-7 ఈ ఊళ్లలో చాలావాటిని దండలా గుచ్చుతూ పోతుంది. జీఆర్-240 అనే సులైర్ బాట సియెర్రా నెవాడా మొత్తాన్నీ చుట్టి వస్తుంది. సుమారు 300 కిలోమీటర్లు, 19 మజిలీలు.

సియెర్రా నెవాడా ఎగువ భాగం 1999 నుంచి జాతీయ ఉద్యానవనం. మంచునీటితో తడిసే బొర్రెగీలెస్ అనే పచ్చిక బయళ్లలో, ప్రపంచంలో మరెక్కడా లేని మొక్కలు బతుకుతున్నాయి. మెలిక తగ్గించుకుందామని వాటిని తొక్కి అడ్డదారి పడితే ఆ గాయం మానడానికి ఏళ్లు పడుతుంది. మందల దగ్గర పరుగు ఆపి నడవడం, తీసిన తడికెను తిరిగి మూయడం కూడా ఇక్కడి మర్యాద.

బాటలకు అసలు ముప్పు వలసతో వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో యువకులు పట్నాలకు, విదేశాలకు వెళ్లిపోయారు. పూడిక తీసేవారు లేక కాలువలు ఎండాయి, గట్లు ముళ్లపొదల పాలయ్యాయి. కొన్నిచోట్ల నీరు ఆదా అవుతుందని కాలువలను గొట్టాల్లో పెట్టారు. ఆదా నిజమే, కానీ ఊరే చెమ్మ ఆగిపోయి పక్కనున్న చెస్ట్‌నట్‌లు వాడిపోయాయి, దిగువ ఊటలు సన్నబడ్డాయి. 2014లో కన్యార్ గ్రామంలో, ఏళ్ల తరబడి పాడుబడ్డ బర్హాస్ కాలువను గ్రనాడా విశ్వవిద్యాలయ పరిశోధకులు, స్వచ్ఛంద కార్యకర్తలు, ఊరి రైతులు కలిసి పారలతో తవ్వి బాగుచేశారు. ఆ తరువాత చుట్టుపక్కల మరికొన్ని కాలువల్లోనూ అదే పని సాగింది. పూడిక తీసిన చోట నీరు పారుతోంది, దాని పక్కన దారీ తెరుచుకుంది.