టైగర్ సఫారీకి మీ 100 ఎక్స్ జూమ్ ఫోన్ ఎందుకు పనికిరాదు?

ఫ్లాగ్‌షిప్ ఫోన్ లాంచ్ అంటే చాలు, జూమ్ గురించి ఒక స్లైడ్ ఉండాల్సిందే. చంద్రుడో, పక్షో, దూరంగా ఒక గుడి గోపురమో. పక్కన పెద్ద అక్షరాల్లో "100 ఎక్స్". అది చూశాక ఎవరికైనా వచ్చే ఆలోచనే: దీంతో పులిని తీస్తే ఎలా ఉంటుంది?

సఫారీకి ఏ ఫోన్ మంచిది అని అడిగితే సూటి సమాధానం ఒక్కటే. ఏదీ కాదు. ముందు రూల్ సంగతి చూద్దాం. 2025 నవంబరులో కార్బెట్ టైగర్ రిజర్వ్ కేసులో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు, కోర్ ఏరియాలోని టూరిజం జోన్లలో మొబైల్ ఫోన్ల వాడకాన్ని అనుమతించకూడదని చెప్పింది. నైట్ టూరిజం కూడా వద్దంది. మన హైదరాబాద్ వాళ్లు ఎక్కువగా వెళ్లే తాడోబాలో అయితే ఫోన్ల మీద నిషేధం అంతకు ముందు నుంచే ఉంది. కాజీపేట, బల్లార్షా మీదుగా రైలెక్కితే చంద్రపూర్‌లో దిగి అక్కడి నుంచి గేటుకి వెళ్లిపోవచ్చు కాబట్టి మనకి అది దగ్గర. విస్తీర్ణంలో దేశంలోనే పెద్దదైన నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వ్ మన దగ్గరే ఉన్నా, నల్లమలలో పులి కంటపడటం చాలా కష్టం. అందుకే ఇక్కడ ఉదాహరణలకి తాడోబానే తీసుకుంటున్నాను.

ఈ రూల్ చూసి "ఫొటో కూడా తీసుకోనివ్వరా" అని చిరాకు పడేవాళ్లున్నారు. చాలాచోట్ల ఫీజు కట్టి కెమెరా తీసుకెళ్లొచ్చు. ఆపింది ఫోన్‌నే. ఎందుకో అర్థం కావాలంటే ముందు కొంచెం లెక్క చేయాలి.

లెక్క వేసి చూస్తే

పులి మీకు 60 మీటర్ల దూరంలో అడ్డంగా నడుస్తోంది అనుకుందాం. తోక వదిలేస్తే దాని ఒళ్లు దాదాపు 2 మీటర్లు. మీ ఫోన్ మెయిన్ కెమెరా 24 ఎంఎం. ఆ దూరంలో అది సుమారు 90 మీటర్ల వెడల్పు అడవిని ఫ్రేమ్‌లోకి తీసుకుంటుంది. 12 మెగాపిక్సెల్ ఫొటో అడ్డంగా 4,000 పిక్సెళ్లు కాబట్టి పులికి దక్కేది 90 పిక్సెళ్లు. కీబోర్డులో పులి ఎమోజీ ఇంతకంటే క్లియర్‌గా ఉంటుంది.

5 ఎక్స్ టెలిఫొటో (120 ఎంఎం) పెడితే ఫ్రేమ్ వెడల్పు 18 మీటర్లకి తగ్గుతుంది, పులి 440 పిక్సెళ్లకి పెరుగుతుంది. ఇన్‌స్టాలో పెట్టుకోవడానికి సరే. అక్కడితో అసలు ఆప్టిక్స్ అయిపోయాయి. 10 ఎక్స్, 30 ఎక్స్, 100 ఎక్స్ అన్నీ అవే పిక్సెళ్లని సాగదీయడమే.

వెలుతురు ఇంకో సమస్య. పులి ఎక్కువగా కనిపించేది తెల్లవారాక మొదటి గంటలో, సాయంత్రం చివరి గంటలో. చిన్న టెలిఫొటో సెన్సార్‌కి ఆ వెలుగు చాలదు. నడిచే జంతువుని షార్ప్‌గా పట్టాలంటే షటర్ 1/500 సెకను దగ్గర ఉండాలి, ఫోన్ అక్కడికి వెళ్లాలంటే ఐఎస్ఓ పెంచి నాయిస్ నింపేస్తుంది. నైట్ మోడ్ పెడదామా అంటే అది చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది. కదలకుండా నిలబడ్డ చెట్టుకి బాగుంటుంది. పులి మాత్రం అలుక్కుపోయిన పసుపు మరకలా వస్తుంది. పైగా మీరు కూర్చున్నది ఇంజిన్ ఆన్‌లో ఉన్న జిప్సీలో.

ఆ చారలు ఎవరివి?

అసలు నాకు ఎక్కువ ఇబ్బందిగా అనిపించేది ఇది. ఇప్పటి ఫోన్లు ఎక్కువ జూమ్‌లో పోయిన డీటెయిల్‌ని జెనరేటివ్ ఏఐతో మళ్లీ గీస్తున్నాయి. పిక్సెల్ 10 ప్రోలో 30 ఎక్స్ దాటాక పని చేసే ప్రో రెస్ జూమ్ అలాంటిదే. గూగుల్ ఆ విషయం దాచలేదు, ఫొటో మెటాడేటాలో ఏఐ వాడినట్టు గుర్తు కూడా వేస్తుంది. బిల్డింగ్ కిటికీల్ని ఊహించి గీస్తే పెద్దగా నష్టం లేదు. పులి విషయంలో ఉంది. ఎందుకంటే ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు. మన వేలిముద్రలు ఎలాగో, దానికి చారలు అలాగ.

దేశంలో పులుల లెక్కంతా ఈ చారల మీదే నడుస్తుంది. అడవి దారుల్లో మోకాలి ఎత్తున కెమెరా ట్రాప్‌లని జతలుగా, ఎదురెదురుగా కడతారు. పులి కుడివైపు చారలు, ఎడమవైపు చారలు వేరువేరు కాబట్టి రెండు వైపులూ ఒకేసారి రావాలి. లోపల ఉండేది పాసివ్ ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్. వేడి ఉన్న ఒళ్లు ముందు నుంచి కదిలితే ఆ తేడాని పట్టి షటర్ నొక్కుతుంది. 2022 లెక్కింపులో ఇలా 32,588 చోట్ల కెమెరాలు పెడితే 4,70,81,881 ఫొటోలు వచ్చాయి. వాటిలో పులివి 97,399. అంటే వెయ్యి ఫొటోలకి రెండు! మిగతావన్నీ దుప్పులు, పందులు, ఊళ్లోంచి వచ్చిన ఆవులు, గాలికి ఊగిన గడ్డి.

ఇన్ని కోట్ల ఫొటోల్లో ఏ జంతువు ఏదో వేరు చేయడానికి ఏఐ వాడతారు. తర్వాత పులి ఒంటి మీద ఒక 3డీ మోడల్‌ని కప్పి, చారల ప్యాటర్న్‌ని తీసి, పాత ఫొటోలతో పోల్చే సాఫ్ట్‌వేర్ ఉంది. అలా ఒక్కొక్కటిగా గుర్తుపట్టిన పులులు 3,080. కెమెరాకి చిక్కనివాటిని గణితంతో అంచనా వేసి కలిపితే సగటున 3,682 అని తేల్చారు. ఇక్కడా ఏఐ ఉంది, కానీ ఉన్న చారని చదువుతుంది. ఫోన్ ఏఐ లేని చారని గీస్తుంది. మీ 100 ఎక్స్ ఫొటోలో చాలా అందంగా కనిపించే ఆ పులి, చారల లెక్కన చూస్తే, ఏ అడవిలోనూ లేని పులి.

కెమెరా కంటే పెద్ద సమస్య నెట్‌వర్క్

సరే, జూమ్ బాగోకపోతే ఫొటో మాత్రమే పాడవుతుంది. నిషేధానికి అది కారణం కాదు. ఫోన్ అంటే కెమెరా, జీపీఎస్, వాట్సాప్ మూడూ ఒకే ముక్కలో ఉండటం, అదీ సమస్య. ఒక జీపులోవాళ్లకి పులి కనిపిస్తే సిగ్నల్ ఉన్న చోట నిమిషంలో కబురు వెళ్లిపోతుంది. ఎక్కడెక్కడి జిప్సీలో దుమ్ము రేపుకుంటూ అక్కడికే పరిగెత్తుతాయి. జంతువుకి కనీసం 20 మీటర్ల దూరం పాటించాలని ఎన్‌టీసీఏ 2012 మార్గదర్శకాల్లోనే ఉంది. పది బళ్లు ఒకేసారి చేరితే ఆ దూరం ఎవరు కొలుస్తారు? పిల్లలతో రోడ్డు దాటాల్సిన తల్లి పులి దాటలేక ఆగిపోతుంది. పైగా ఫోన్‌తో వీడియో తీసేవాడికి జూమ్ చాలదు కాబట్టి "భయ్యా, ఇంకొంచెం దగ్గరికి" అంటాడు. చేతిలో 400 ఎంఎం లెన్స్ ఉన్నవాడికి ఆ అవసరం రాదు.

ఇక జియోట్యాగ్. లొకేషన్ ఆన్‌లో ఉంటే ప్రతి ఫొటో ఎగ్జిఫ్ డేటాలో అక్షాంశం, రేఖాంశం పడతాయి. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే అది పోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉంటుంది. ట్యాగ్ లేకపోయినా "ఫలానా గేటు, ఫలానా చెరువు, పొద్దున ఏడింటికి" అని క్యాప్షన్ పెడితే వేటగాడికి అది చాలు. ఇది అతి జాగ్రత్త అనుకోకండి. 2013లో మధ్యప్రదేశ్‌లోని పన్నాలో ఒక పులికి కట్టిన జీపీఎస్ కాలర్ డేటా వచ్చే ఈమెయిల్ ఖాతాలోకి చొరబడటానికి ఎవరో ప్రయత్నించారు. సర్వర్ అడ్డుకుంది. ఒక పులి లొకేషన్‌కి అంత విలువుంది. మనం దాన్ని స్టోరీలో ఫ్రీగా ఇచ్చేస్తాం.

నిజానికి అడవిలో నోటిఫికేషన్లు ఫోన్ లేకుండానే వస్తాయి. చెట్టు పైనున్న కొండముచ్చు ముందు అరుస్తుంది, తర్వాత దుప్పి. కణుజు అరిస్తే మాత్రం గైడ్ వెంటనే బండి ఆపిస్తాడు, ఎందుకంటే అది ఊరికే అరిచే రకం కాదు. ఇవి వినాలంటే జీపులో ఎవరి రీల్ మోగకూడదు.

మరి ఏం తీసుకెళ్లాలి?

బడ్జెట్ ఉంటే ఏపీఎస్-సీ మిర్రర్‌లెస్, 100-400 ఎంఎం లెన్స్. కెనాన్ బాడీ మీద ఇది 640 ఎంఎంతో సమానం. అదే 60 మీటర్ల దగ్గర ఫ్రేమ్ వెడల్పు మూడున్నర మీటర్ల లోపే, 24 మెగాపిక్సెల్ ఫొటోలో పులి సుమారు 3,500 పిక్సెళ్లు. ఫోన్ 90తో పోల్చుకోండి. కొనక్కర్లేదు, లెన్సులు అద్దెకి దొరుకుతాయి. నికాన్ పీ950 లాంటి బ్రిడ్జ్ కెమెరాకి రీచ్ ఇంకా ఎక్కువ, కానీ సెన్సార్ చిన్నది, చీకట్లో ఫోన్ పడే తిప్పలే పడుతుంది. ట్రైపాడ్ జీపులో పెట్టలేరు. చిన్న గుడ్డ సంచిలో కిలో బియ్యం నింపి జిప్సీ కడ్డీ మీద పెట్టి లెన్స్ ఆనించండి, దాన్ని మించిన స్టెబిలైజేషన్ లేదు. యాక్షన్ కెమెరాకి 60 మీటర్ల దగ్గర పులి చీమ. డ్రోన్ ఊసే ఎత్తకండి, అనుమతి లేకుండా ఎగరేస్తే కేసు.

ఒక్కటే కొనగలిగితే నా ఓటు 8×42 బైనాక్యులర్‌కి. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందున్న అద్దం ఎన్ని మిల్లీమీటర్లో. 42ని 8తో భాగిస్తే వచ్చే 5 ఎంఎం పైచిలుకు వెలుగు మీ కంటిపాపలోకి వెళుతుంది, తెల్లవారుజాము మసకలో అదే కావాలి. 10×42 కూడా మంచిదే గానీ జీపు కుదుపుల్లో బొమ్మ ఎక్కువ ఊగుతుంది.

చివరిగా మనలాంటివాళ్లు ఎక్కువగా మర్చిపోయేవి. గేటు దగ్గర ఫోన్ ఇచ్చేశాక డిజిలాకర్ లేదు, యూపీఐ లేదు. పర్మిట్ ప్రింటవుట్, బుకింగ్‌లో ఇచ్చిన ఒరిజినల్ ఐడీ కార్డు, గైడ్‌కీ డ్రైవర్‌కీ ఇవ్వడానికి చిల్లర నోట్లు జేబులో ఉండాలి. టైమ్ చూసుకోవడానికి ఒక మామూలు వాచీ. జూలై నుంచి సెప్టెంబర్ దాకా తాడోబా కోర్ మూసి ఉంటుంది, మిగతా నెలల్లో మంగళవారం సెలవు. రైలు టికెట్ తీసే ముందే క్యాలెండర్ చూసుకోండి.