కాఫీ రుచి మట్టిదా, నీడదా?

పిల్లలూ, మన కోరాపుట్ కొండల్లో కాఫీ తోటలు చూసే ఉంటారు. జయపురం రాజుల కాలంలో, 1930ల్లో ఇక్కడ కాఫీ మొదలైంది. తర్వాత 1958లో ప్రభుత్వ భూసంరక్షణ శాఖ కాఫీ నాటించింది మాత్రం గింజల కోసమే కాదు, కొండ మట్టి కొట్టుకుపోయి మాచ్‌ఖండ్ నదిలో చేరకుండా ఆపడానికి! అంటే మన దగ్గర కాఫీకీ మట్టికీ పాత చుట్టరికమే.

మరి మట్టి రుచి గింజలోకి వస్తుందా? నేరుగా రాదు. వేరు పీల్చేది నీళ్లూ, అందులో కరిగిన లవణాలే. చక్కెర తయారయ్యేది ఆకులో. కమ్మని వాసన పుట్టేది గింజ వేయించినప్పుడు. మట్టి చేసే పని వేరు: పూత నుంచి పండు దాకా ఎనిమిది తొమ్మిది నెలలు చెట్టుకి తేమ, పోషకాలు తగ్గకుండా అందించడం.

అలాంటి మట్టిని తయారుచేసేది నీడే. సిల్వర్ ఓక్, పనస, మామిడి ఆకులు రాలతాయి. వానపాములు, సూక్ష్మజీవులు వాటిని నల్లటి మెత్తటి ఎరువుగా మారుస్తాయి. అది స్పాంజిలా నీళ్లు పట్టి ఉంచుతుంది. పైన నీడ, కింద తేమ ఉంటే పండు నిదానంగా పండుతుంది, గింజ గట్టిపడి నిండుతుంది. మండుటెండలో అయితే చెట్టు మోయలేనంత కాపు కాస్తుంది, పండు తొందరపడి ఎర్రబడుతుంది, గింజ తేలిపోతుంది.

అలాగని చీకటి పడేంత నీడ కూడా పనికిరాదు. పూత తగ్గుతుంది, తెగుళ్లు పెరుగుతాయి. అందుకే రైతులు వానాకాలం ముందు కొమ్మలు కొట్టి వెలుతురు రానిస్తారు. ఇంత చేసినా పచ్చికాయలు కలిపి కోస్తే, సరిగా ఆరబెట్టకపోతే రుచి పోయినట్టే.

సిల్వర్ ఓక్ కలపకి ధర వచ్చిందని చెట్లన్నీ ఒకేసారి అమ్మేస్తే ఆ ఏడాది చేతికి డబ్బు వస్తుంది, నిజమే. కానీ ఏటవాలు నేల మీద పైమట్టి వానలకి జారిపోతుంది. మళ్లీ అంత మట్టి తయారవ్వాలంటే వందల ఏళ్లు పట్టవచ్చు.

ఇంట్లో చేసి చూడండి: రెండు ప్లాస్టిక్ సీసాల అడుగు కోసి తలకిందులుగా పెట్టి, మూతి దగ్గర పాత గుడ్డ కట్టండి. ఒకదాంట్లో చెట్టు కింది మట్టి, రెండోదాంట్లో ఖాళీ నేల మట్టి సమానంగా వేసి, చెరో గ్లాసు నీళ్లు పోయండి. ఏ మట్టి ఎక్కువ నీళ్లు దాచుకుందో రాసుకుని, సైన్స్ క్లాసుకి పట్టుకురండి.