ఇన్‌బాక్స్‌లో పండగ కానుక

దీపావళి ముందురోజు రాత్రి దుకాణాలన్నీ కట్టేశాక, పుణెలో ఉద్యోగం చేస్తున్న మేనకోడలికి ఏమీ పంపలేదని గుర్తొస్తే ఒకప్పుడు ఫోన్‌లో శుభాకాంక్షలు చెప్పి సర్దుకోవాల్సిందే. ఇప్పుడు నిమిషాల్లో ఈ-గిఫ్ట్ కార్డు వెళ్లిపోతుంది. ఎంత విలువో ఎంచుకుని, నాలుగు ముక్కలు రాసి, ఆమె ఈమెయిల్ ఇచ్చి డబ్బు కడితే చాలు. కొరియర్ ఆలస్యం ఉండదు, చీర రంగు నచ్చలేదన్న మాటా ఉండదు.

డబ్బు కానుక తెలుగువారికి కొత్తేమీ కాదు. పెళ్లి పందిట్లో 116, 516, 1116 చదివించడం తరాలుగా ఉన్నదే. కార్డులో ఉన్న అందమల్లా ఇచ్చేవారి ఆలోచన అందులో కనబడటం. పుస్తకాల పిచ్చి ఉన్న పిల్లాడికి పుస్తకాల షాపు కార్డు, కొత్త కాపురం పెట్టినవాళ్లకు ఇంటి సామాన్ల కార్డు. అమెరికాలో 1990ల మధ్యలో ప్లాస్టిక్ గిఫ్ట్ కార్డులు దుకాణాల్లోకి వచ్చాయి. మన దగ్గర ఈ వ్యాపారాన్ని పెంచిన వాటిలో 2006లో మొదలైన బెంగళూరు సంస్థ క్విక్‌సిల్వర్ ఒకటి. 2019లో చెల్లింపుల సంస్థ పైన్ ల్యాబ్స్ దాన్ని కొనేసింది.

అయితే ఈ సౌకర్యం ఎక్కువగా ఇచ్చేవారికే. పుచ్చుకున్నవారు వాడుకోగలరా అన్నది ముందే ఆలోచించాలి. ఆన్‌లైన్‌లో ఎప్పుడూ ఏమీ కొనని అమ్మమ్మకు కార్డు పంపితే అది ఈమెయిల్‌లోనే ఉండిపోతుంది. అలా వాడకుండా మిగిలిపోయే సొమ్ము తక్కువేమీ కాదు. దానిపై జీఎస్టీ ఉంటుందా లేదా అన్నది 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశం దాకా వెళ్లింది. పన్ను ఉండదని తేల్చారు.

విదేశాల్లోని పిల్లలు తరచూ పొరబడేది ఇంకోచోట. అమెజాన్ అమెరికా సైటులో కొన్న కార్డు భారత సైటులో చెల్లదు. గుంటూరులోని అమ్మానాన్నలు వాడుకోవాలంటే భారత సైటు కార్డే కావాలి.

నిబంధనలూ తెలిసి ఉండాలి. రిజర్వు బ్యాంకు 2021 ఆదేశాల ప్రకారం గిఫ్ట్ కార్డు విలువ 10,000 రూపాయలు దాటకూడదు. మళ్లీ డబ్బు నింపడం, నగదుగా మార్చుకోవడం కుదరదు. గడువు కనీసం ఏడాది ఉండాలి, ముగిసే ముందు 45 రోజుల్లో వినియోగదారుకు గుర్తుచేయాలి. అడిగితే గడువు పొడిగించే వీలూ ఉంది. కానీ ఒక సంస్థ తన సొంత దుకాణాల్లోనే చెల్లేలా ఇచ్చే కార్డులు ఈ పరిధిలోకి రావు. వాటికి ఆ సంస్థ పెట్టిన షరతులే షరతులు, కాబట్టి కొనేముందు చదవడం తప్పనిసరి. అమెరికాలో 2010 నుంచి అమల్లో ఉన్న చట్టం గిఫ్ట్ కార్డులకు కనీసం ఐదేళ్ల గడువు ఇచ్చింది. మన కొనుగోలుదారులకూ అంత వ్యవధి దక్కడం న్యాయం.

మోసగాళ్లకూ ఈ కార్డులంటే ఇష్టం. కోడ్ చేతికి చిక్కితే చాలు, డబ్బు వాళ్లదే. బాస్ ఫొటో పెట్టుకున్న కొత్త నంబరు నుంచి ‘మీటింగ్‌లో ఉన్నాను, అర్జంటుగా గిఫ్ట్ కార్డులు కొని కోడ్‌లు పంపు’ అని వాట్సాప్ వస్తుంది. అమెరికాలో గిఫ్ట్ కార్డుల ద్వారా 2023లో 21.7 కోట్ల డాలర్లు పోయాయని బాధితులు అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. అలాంటి సందేశం వస్తే పాత నంబరుకు ఫోన్ చేసి అడగాలి. కోడ్ అప్పటికే పంపేసి ఉంటే కార్డు ఇచ్చిన సంస్థకు చెప్పి దాన్ని ఆపమనాలి, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయాలి.