తీగ లాగితే కదిలిన డొంక

కిందటేడు మా హాస్టల్లో మెస్ ఖర్చులు పోగా కొంత సొమ్ము మిగిలింది. దాంతో కామన్ రూముకి కొత్త టీవీ కొందామని అందరూ ఒక్కమాట మీదికొచ్చారు. మా హాస్టల్లో అందరూ ఒక్కమాట మీదికి రావడమే ఒక విశేషం గనుక, ఆలస్యం చేయకుండా మర్నాడే నలుగురం బయల్దేరాం. "నువ్వు ఫిజిక్సువాడివి కదరా, దగ్గరుండి చూడు" అని నన్ను ముందు పెట్టారు. నేనూ కాస్త ఛాతీ విరుచుకునే వెళ్లాను.

టీవీ బేరం సవ్యంగానే తెమిలింది. ఆఖర్న షాపతను, "సెట్‌టాప్ బాక్సుకీ టీవీకీ మధ్య మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ వేస్తే ఇంత పెట్టి కొన్నదీ దండగే సార్" అంటూ మమ్మల్ని ఓ మూలకి తీసుకెళ్లాడు. అక్కడ రెండు టీవీలు పక్కపక్కన ఉన్నాయి. ఒకే కంపెనీ, ఒకే సైజు, రెండింట్లోనూ ఒకే బొమ్మ ఆడుతోంది. ఎడమవైపు దాంట్లో చెట్ల ఆకులు ముద్దముద్దగా, అక్షరాల అంచులు చెరిగినట్టుగా ఉన్నాయి. కుడివైపు దాంట్లో ఆకు మీది ఈనెలు లెక్కపెట్టొచ్చు. "ఎడమది మామూలు తీగ. కుడిది మన ప్రీమియం కేబుల్" అన్నాడు. డబ్బా మీద 24 క్యారట్ల బంగారు పూత అనీ, రంగులు సహజంగా కనపడతాయనీ రాసి ఉంది. రెండు మీటర్ల తీగ వెల 2,600 రూపాయలు. కొన్నాం. బిల్లు మీద సంతకం నాది.

నెల తిరక్కుండానే సీనియర్ ఒకాయన సెమినారుకి కావాలని ఆ కేబుల్ పట్టుకుపోయి, దాని స్థానంలో తన 250 రూపాయల తీగ తగిలించాడు. వారం రోజులు గడిచాయి. రోజూ ముందు వరసలో కూర్చుని "ఏం క్లారిటీరా!" అని మెచ్చుకునేవాడు ఆ వారమంతా కూడా మెచ్చుకుంటూనే ఉన్నాడు. నాకూ తేడా తెలియలేదు. సీనియర్ కేబుల్ తిరిగి తెచ్చి ఇచ్చినప్పుడుగాని సంగతి బయటపడలేదు.

మనసొప్పక, గోడ స్టాండు కావాలన్న వంకతో మళ్లీ ఆ షాపుకి వెళ్లాను. షాపతను స్టాండు వెతుకుతుండగా ఎడమ టీవీ వెనక్కి తొంగిచూశాను. అక్కడున్నది హెచ్‌డీఎంఐ తీగే కాదు. ఎరుపు, తెలుపు, పసుపు ప్లగ్గులుండే పాత ఏవీ తీగ! అది అనలాగ్ కాలం నాటిది. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో మొత్తం గీతలు 625, తెర మీద బొమ్మగా కనిపించేవి 576. హెచ్‌డీ బొమ్మకి 1080. ఎడమ టీవీకి అందుతున్నదే సగం బొమ్మ. కుడి టీవీకి సీనియర్ గారి 250 రూపాయల తీగ తగిలించినా ఆకుల మీద ఈనెలు అలాగే కనపడి ఉండేవి.

అయితే, మంచి తీగ వేస్తే బొమ్మ బాగుంటుందన్న నమ్మకం ఊరికే పుట్టింది కాదు. మా నాన్న చెబుతుంటాడు: ఆ రోజుల్లో ఒకరు డాబా ఎక్కి యాంటెన్నా తిప్పుతుంటే, ఒకరు గుమ్మంలో నిలబడి "వచ్చింది, వచ్చింది... పోయింది" అని అరిచేవారట. అప్పట్లో తీగ నాసిదైతే బొమ్మ వెనక నీడలా ఇంకో బొమ్మ, తెర నిండా చుక్కలు. మంచి తీగకి డబ్బు పెట్టడం అప్పుడు తెలివైన పనే. కాలం మారినా ఆ నమ్మకం అలాగే మిగిలిపోయింది. దాన్నే వీళ్లు అమ్ముకుంటున్నారు.

ఈ తేడా మా కల్లంలో చెబితే సులువు. ధాన్యం కొలిచేటప్పుడు ఒకరు "లాభం, రెండు, మూడు" అని కేక వేస్తుంటే, ఇంకొకరు గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తారు. బస్తాకి చిల్లుంటే ఇల్లు చేరేసరికి గింజలు తగ్గుతాయి. చిల్లు ఎంతో నష్టమూ అంత. అనలాగ్ సంకేతం ఆ బస్తా వంటిది. తీగలో పోయిందల్లా బొమ్మలో పోయినట్టే. డిజిటల్ సంకేతం ఆ కేక వంటిది. గొంతు కంచులా మోగినా, జలుబు చేసి బొంగురుపోయినా, "ఏడు" అన్నది ఏడుగా వినపడితే గోడ మీద పడే గీత ఒకటే. కంచు కంఠంవాడు కొలిచాడని గింజ లావు కాదు.

హెచ్‌డీఎంఐ మొదటి ప్రమాణం 2002 డిసెంబరులో వెలువడింది. దాని కొసన 19 పిన్నులుంటాయి. ఆ పద్ధతిలో బొమ్మను మోసేవి మూడు జతల తీగలు, లయ చెప్పే గడియారానికి నాలుగో జత. ఒక్కో జతలో ఒక తీగలో వెళ్లేదానికి సరిగ్గా వ్యతిరేకమైనది రెండో తీగలో వెళ్తుంది. దారిలో తగిలే బయటి రొద రెండింటికీ దాదాపు ఒకేలా తగులుతుంది గనుక, అవతలి కొసన రెండింటి తేడా తీసుకుంటే రొద కొట్టుకుపోతుంది. ఎంత చక్కటి ఉపాయమో చూడండి! దీని గురించి డబ్బా మీద ఒక్క ముక్కా ఉండదు.

ఇక ఎన్ని బిట్లు? హెచ్‌డీ బొమ్మ సెకనుకి 60 సార్లు మారాలంటే, మధ్య విరామాలు కూడా కలుపుకుని సెకనుకి 14.85 కోట్ల చుక్కలు పంపాలి. చుక్కకి 24 బిట్లు. ప్రతి ఎనిమిది బిట్లనూ పది చేసి పంపుతారు గనుక సెకనుకి సుమారు 446 కోట్ల బిట్లు. 4కె బొమ్మకి దీనికి నాలుగు రెట్లు, అంటే 1,782 కోట్లు. అవతలి కొసన తేల్చవలసింది ఒక్కటే: వచ్చినది సున్నానా, ఒకటా? తేలితే బొమ్మ ఉన్నదున్నట్టు వస్తుంది. మామూలు ఒకటి, మేలురకం ఒకటి అని రెండు రకాల ఒకట్లు లేవు. తీగ నిజంగా చాలకపోతే తెర మీద తెల్లటి చుక్కలు మిణుకుమిణుకుమంటాయి, బొమ్మ క్షణం సేపు నల్లబడి తిరిగొస్తుంది, ముదిరితే అసలు రాదు. రంగులు వెలిసినట్టుండటం, అంచులు మసకబారడం ఈ తీగకి వచ్చే జబ్బులు కావు.

అలాగని తీగలన్నీ ఒకటేనా? కావు. ఇక్కడే నేను రెండోసారి బోల్తాపడ్డాను. డొంక కదిలిన ఉత్సాహంలో, యూనియన్ వారి సభకి ఆడిటోరియం ప్రొజెక్టరుకి కూడా చవక తీగలే చాలన్నాను. వేదిక నుంచి ప్రొజెక్టరుకి దాదాపు 20 మీటర్లు. ఐదేసి మీటర్ల చవక తీగలు నాలుగు జాయింట్లతో కలిపి లాగాం. అతిథి ప్రసంగం మధ్యలో తెర నిండా చుక్కలు చల్లినట్టయింది, తర్వాత చీకటి. ఆ రోజు అక్కడున్నవారికి గుర్తుండే ఉంటుంది.

బోరు మోటారుకి దూరపు స్తంభం నుంచి సన్న తీగ లాగితే ఏమవుతుందో మా ఇంట్లో చిన్నపిల్లలకీ తెలుసు. వోల్టేజి దారిలోనే చచ్చిపోయి మోటారు మూలుగుతుంది. నాకు ఆడిటోరియంలో అది తోచలేదు. పైగా ఇక్కడ కష్టం ఇంకా ఎక్కువ. 50 హెర్ట్జ్ కరెంటు రాగిలో సుమారు 9 మిల్లీమీటర్ల లోతు దాకా వ్యాపిస్తుంది. 4కె బొమ్మని మోసే ఒక్కో జతలో సెకనుకి దాదాపు 600 కోట్ల బిట్లు, అంటే 3 గిగాహెర్ట్జ్ వేగం. ఆ వేగంలో కరెంటు తీగ పైపొరలో 1.2 మైక్రాన్ల లోతులోనే పోతుంది. వెంట్రుక మందంలో యాభయ్యో వంతు కూడా కాదు. తీగల చుట్టూ ఉండే ప్లాస్టిక్ కూడా కొంత మింగుతుంది. పొడవు పెరిగేకొద్దీ కేక వినపడకుండా పోయేది అందుకే. 4కె కి రాగి తీగ మూడు నుంచి ఐదు మీటర్ల దాకా నిక్షేపంగా పనిచేస్తుంది. ఆ పైన తీగ ఎంత బాగా చేశారన్నది నిజంగానే లెక్కకొస్తుంది.

మరి బంగారం? బంగారం రాగి కంటే మంచి వాహకమని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. నిజానికి దాని నిరోధం రాగి కంటే సుమారు 45 శాతం ఎక్కువ. బంగారానికున్న గుణమల్లా తుప్పు పట్టకపోవడం. తరచూ పీకి పెట్టే ప్లగ్గుకి, సముద్రపు గాలి తగిలే ఊళ్లో అది మేలే. కాని ఆ పలచని పూత చవక తీగలకీ ఉంటుంది. సీనియర్ గారి తీగకీ ఉంది. తీగ మీద బాణం గుర్తు వేసి "ఇటే వెళ్లాలి" అనడం ఇంకో ముచ్చట. మామూలు రాగి తీగకి ఎటైనా ఒకటే. "240 హెర్ట్జ్ కేబుల్" అని అమ్ముతారు. ఆ అంకె చాలాసార్లు టీవీ తనలో తాను మధ్య బొమ్మలు కల్పించుకుని చూపే లెక్క, తీగలో వచ్చేది కాదు. "వెర్షన్ 2.1 కేబుల్" అనడమూ పొరపాటే. వెర్షన్ అంకెలు యంత్రాలకి. తీగల మీద వేయకూడదని హెచ్‌డీఎంఐ సంస్థ నియమమే ఉంది.

తీగకి చూడవలసింది తరగతి పేరు. 4కె కి "ప్రీమియం హై స్పీడ్", సెకనుకి 1,800 కోట్ల బిట్ల వరకు. 2017 నాటి ప్రమాణానికి "అల్ట్రా హై స్పీడ్", 4,800 కోట్ల వరకు. 2025లో దీనికి రెట్టింపు మోసే తరగతి కూడా వచ్చింది. ఈ పేర్లుంటే డబ్బా మీద క్యూఆర్ లేబుల్ ఉండాలి, హెచ్‌డీఎంఐ వారి యాప్‌తో స్కాన్ చేస్తే అసలుదో కాదో తెలుస్తుంది. మా 2,600 రూపాయల డబ్బా మీద "ప్రీమియం" అన్న మాట బంగారు అక్షరాల్లో ఉంది, లేబుల్ మాత్రం లేదు. వరి విత్తనాల సంచి కొనేటప్పుడు మా నాన్న సంచి మీది పచ్చటి పొలం బొమ్మ చూడడు. మూతి దగ్గర ధ్రువీకరణ నీలం ట్యాగు తిప్పి చూస్తాడు. ఆయన కొడుకునై ఉండి డబ్బా మీది బొమ్మ చూసి కొన్నానన్నదే నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి.

ఆడిటోరియంకి ఈసారి మా ఎలక్ట్రానిక్స్ సార్‌ని వెంటబెట్టుకుని వెళ్లి ఆప్టికల్ కేబుల్ తెచ్చాం. రెండు కొసలా చిన్న చిప్పులుంటాయి. ఒకటి విద్యుత్తును కాంతిగా మారిస్తే, గాజు పోగులో నడిచి వచ్చిన కాంతిని రెండోది మళ్లీ విద్యుత్తుగా మారుస్తుంది. దీనికి మాత్రం ఏ కొస ఎటు అన్నది నిజంగానే ముఖ్యం. సార్ వద్దంటున్నా తొందరపడి తిరగేసి పెట్టింది కూడా నేనే. ఖరీదు ఎక్కువే, కాని ఆ 20 మీటర్లకి పెట్టిన డబ్బు న్యాయమైనది. ఆ తర్వాత జరిగిన ఏ సభలోనూ తెర నల్లబడలేదు.

2,600 రూపాయల లెక్క ఈ ఏడు హాస్టల్ సమావేశంలో నేనే లేచి చెప్పాను. వెనక వరసలోంచి ఎవరో "ఆ బంగారం కరిగించి తలా కాస్త పంచండి" అన్నారు. కేబుల్ కామన్ రూములోనే ఉంది, చక్కగా పనిచేస్తోంది. పక్క బాక్సుకి తగిలించిన 250 రూపాయలది కూడా.